దుప్పటి కింద వంగిపోయిన మూత

ఆవిరి పట్టే మిషన్ మూతను బల్ల మీద బోర్లించి వేలితో తడితే టకటకమని ఊగింది. కొన్న కొత్తలో బల్లకు అతుక్కున్నట్టు కూర్చునేది. ఇప్పుడు ఒక పక్క అంచు లేచి, ఎండలో మరిచిపోయిన అప్పడంలా ముడుచుకుంది. దానికి అమర్చిన గొట్టం, నోట్లో పెట్టుకుని పీల్చేది, బస్సులో నిద్రపోయేవాడి మెడలా పక్కకు వాలింది. లోపలివైపు పసుపు మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే సగం వాయిలాకు వాసన, సగం కాలిన బకెట్ వాసన.

నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. ప్రైవేటు స్కూళ్లలో ఏళ్ల తరబడి, వేడి ఎటు నుంచి ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి పిల్లలకు చెప్పినదాన్ని. అయినా ఆ మూతను చూడగానే ముందు నాకు తోచింది కంపెనీవాడు మోసం చేశాడనే. తప్పు ఎదుటివాడిదని అనుకోవడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. సరిగ్గా చెప్పాలంటే అంతకంటే సులువు, ఎందుకంటే ఊపిరి నాకు అంత తేలిగ్గా ఆడదు.

నాది దుమ్ము పడని ఛాతీ. మెదక్‌లో వరికోతలు మొదలయ్యాయని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పక్కటెముకలు చెబుతాయి. శంకరంపేట వైపు పోతే రోడ్డు సగం వడ్లు, సగం మనుషులు. కోత యంత్రాలు ఎగజిమ్మే పొట్టు కిటికీలు మూసినా తలుపు కింది సందులోంచి దూరి నా మంచం దాకా వస్తుంది. దవాఖానలో ఇచ్చిన, నోట్లోకి కొట్టుకునే పంపు ఉంది. దాన్ని చెప్పినట్టే వాడతాను. డాక్టరుతో వాదించడానికి నా దగ్గర వేరే విషయాలు చాలా ఉన్నాయి. కానీ పంపు పంపే, ఆవిరి ఆవిరే. పంపు గొట్టాలను తెరుస్తుంది. ఆవిరి మనిషిని తెరుస్తుంది.

మా ఇళ్లల్లో ఆవిరి పట్టడం ఒక్కరు చేసుకునే పని కాదు. లోపల ఒకరు, బయట ఒకరు ఉండాలి. గంజు అనే పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి వాయిలాకు, అదే వావిలాకు, రెమ్మలు వేసి మరగనిస్తారు. జలుబు చేసినవాళ్లు పీట మీద కూర్చుని తల వంచితే, రెండోవాళ్లు ఆ గంజును తెచ్చి ముందు పెట్టి, తల మీది నుంచి గంజుతో సహా మందపాటి చెద్దరు కప్పుతారు. కప్పి ఊరుకోరు. ఆవిరి బయటికి పోకుండా దుప్పటి అంచులు నేలకు అదిమిపట్టి అక్కడే కూర్చుంటారు. మధ్యమధ్య పలకరిస్తారు. అయిపోయాక గంజు తీసి, తడి ముఖానికి గాలి తగలకుండా తువ్వాలు అందిస్తారు.

మా ఇంట్లో బయట కూర్చునేది మా ఆయన. దుప్పటి అంచు మీద ఒక కాలు వేసి, పేపరు తెరిచి, నాకు కోపం తెప్పించే వార్తలే ఏరి చదివేవాడు. నేను లోపలి నుంచి తిట్టేదాన్ని. నాయకులను, అధికారులను, ఆ వార్త రాసినవాడిని, చివరికి దాన్ని చదువుతున్నవాడిని.

"ఇంక తిట్టు. తిడితే కఫం తెగుతది," అనేవాడు.

"నిన్ను తిడితే ఎక్వ తెగుతది."

"అయితే నన్నే తిట్టు, గవర్నమెంటును ఇడిసిపెట్టు."

అంత చెమటలో, చీకట్లో, కళ్లు మూసుకుని నవ్వేదాన్ని. నవ్వితే దగ్గు. దగ్గితే ఛాతీ ఖాళీ. డాక్టర్లు ఈ వైద్యాన్ని ఒప్పుకోకపోవచ్చు, వాళ్లతో ఆ సంగతి నేను మాట్లాడుకుంటాను.

ఆయన ఒక పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి పోయాడు. మాకు పిల్లలు లేరు. దీని గురించి ఇంకేమైనా అడగదలచుకున్నవాళ్లు ముందు తీరిక చేసుకుని రావాలి, నా జవాబు పొడుగ్గా ఉంటుంది.

ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి కోతలకాలంలో నా అంతట నేను ఆవిరి పట్టుకోబోయాను. నీళ్లు మరిగించడం వరకు ఇబ్బంది లేదు. మసిగుడ్డలతో గంజు పట్టుకుని వంగి, నేల మీద పెట్టబోతుంటే దగ్గు వచ్చింది. దగ్గుకు చేతులతో పనేముందని అనుకుంటాం. గంజు వంగింది, వేడినీళ్లు కుడిపాదం మీద పడ్డాయి. తోలు లేచింది. ఆ పూట వంటింట్లో నేల మీద కూర్చుని పాదం మీద చెంబుతో చన్నీళ్లు పోసుకుంటూ, ఎవరిని తిట్టాలో తెలియక ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా జీవితంలో అరుదు.

తూప్రాన్‌లో ఉండే మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, ఆ వారంలోనే వచ్చింది. చెప్పులు విడుస్తూనే నా పాదం చూసింది.

"ఇదేంది వదినె, కాలు గిట్ల కాలింది?"

"చాయ్ పడ్డది."

"చాయ్ కాలు మీద వడ్తదా? నిలవడి తాగుతున్నవా?"

"కూసుండే తాగాలని చట్టమున్నదా?"

"చట్టం లేదు గని, నీ వంటింట్ల వాయిలాకు వాసనొస్తుంది. చాయ్‌ల వాయిలాకు ఏస్కుంటున్నవా?"

ఆ ముక్కు వాళ్ల అన్నదే. పట్టేసింది. అప్పటి నుంచి మొదలుపెట్టింది. తూప్రాన్‌కు వచ్చేయమని. వాళ్ల పైన అర్ర ఖాళీగా ఉన్నదట. ఈ ఇంటిని కిరాయికి ఇద్దామట. ఆమె భర్త కూడా అన్నాడట. రోజూ ఫోన్. రోజూ అదే మాట.

"నీకేమన్న అయితె తలుపులు పలగ్గొట్టాలె వదినె."

"అయితె తలుపుకు గొళ్లెం పెట్ట తియ్. మంచి తలుపు, టేకుది."

నాకు తూప్రాన్ అంటే ద్వేషం లేదు. హైవే ఊరు, అర్ధరాత్రి కూడా చాయ్ దొరుకుతుంది. కానీ నేను ఒకరి ఇంట్లో పై అర్రలో ఉండి, కింద గ్యాసు చప్పుడు విని, వాళ్లు తిన్నారో లేదో చూసుకుని అన్నానికి దిగే మనిషిని కాను. వాళ్లు మంచివాళ్లే. మంచివాళ్ల ఇంట్లో వాదించడం మరీ కష్టం. వాదించకుండా నేను ఎన్నాళ్లు బతుకుతాను? మెదక్‌లో ఈ రెండర్రల ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా నిద్రలేచి, ఎవరికీ చెప్పకుండా కూర వండకుండా ఉండగలగడం నాకు కావాలి. ఆ ఒక్కటి నిలబెట్టుకోవాలంటే ఆవిరి నేను ఒక్కదాన్నే పట్టుకోగలనని చూపించాలి. అప్పుడు ఫోన్‌లో కనబడింది ఆ మిషన్.

ప్రకటనలో ఒక పిల్ల, పుట్టినప్పటి నుంచి జలుబే ఎరగని ముక్కుతో, కళ్లు మూసుకుని చిరునవ్వుతో పీలుస్తోంది. నీళ్లక్కర్లేదట. మరగబెట్టడం అక్కర్లేదట. ఎండిన ఆకు పొడి చేసి లోపల చిన్న స్టీలు గిన్నెలో వేసి మీట నొక్కితే, కింద తీగ వేడెక్కి, ఆకు కాలకుండానే దాని సారం వెచ్చని గాలిలో వస్తుందట. దాని పేరు వేపరైజర్. నేను తెప్పించేశాను. అరచేతికి కొంచెం పెద్దది. కింద నల్లటి డబ్బా, దాని చుట్టూ గాలి ఆడే సందులు, మధ్యలో గిన్నె, పైన అద్దంలా మెరిసే ప్లాస్టిక్ మూత, మూతకు గొట్టం.

కాలువగట్టు మీద కంచెకు పెరిగిన వాయిలి నుంచి ఆకు తెంపుకొచ్చి మిద్దె మీద నీడలో ఆరబెట్టాను. చేత్తో నలిపి, కొంచెం వాము కలిపి డబ్బాలో పోసుకున్నాను. మొదటి రోజు అరుగు మీద కూర్చుని పీలిస్తే సన్నటి తెల్లటి పొగలాంటిది వచ్చింది. ఎదురింటామె మొక్కలకు నీళ్లు పోస్తూ చూసింది. సాయంత్రానికి గల్లీలో టీచరమ్మ హుక్కా తాగుతోందనే మాట పుట్టింది. మరునాటికి అది గంజాయి అయింది. నేను ఎదురింటామె గేటు దగ్గరికి పోయి డబ్బా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టాను.

"వాసన సూడు. ఏమొస్తుంది?"

"వామొస్తుంది టీచర్."

"వాముతోని ఎవలకన్న నిషా ఎక్కిందా ఈ గల్లీల?"

"నేనేమనలే టీచర్, మా అత్త అన్నది."

వాళ్ల అత్త చెవిటిది, పైగా మంచం దిగదు. సరే, అదొక వాదన.

ఆడబిడ్డకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. గంజు లేదు, మోయడం లేదు, కాలడం లేదు, రెండో మనిషి అవసరమే లేదు అని. రెండో మనిషి అవసరం లేదన్న మాటను రెండుసార్లు అన్నాను. ఆమె "మంచిదే వదినె" అని ఇంకేమీ అనలేదు. నేను గెలిచాననుకున్నాను.

కానీ ఆ మిషన్‌తో తృప్తి లేదు. గొట్టం నోట్లో పెట్టుకుని కూర్చుంటే వెచ్చదనం గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. చుట్టూ గది అలాగే కనబడుతూ ఉండేది. టీవీ, గోడ మీద మరక, ఆయన కుర్చీ. ఆవిరి పట్టడమంటే లోకం కాసేపు కనబడకూడదు. కనబడే లోకంలో కూర్చుని పీలిస్తే అది మందు, ఆవిరి కాదు. అందుకని ఒక సాయంత్రం పెట్టెలోంచి చెద్దరు తీశాను. పీట మీద కూర్చున్నాను. మిషన్‌ను ముందు స్టూలు మీద పెట్టి, నా తల మీది నుంచి స్టూలుతో సహా కప్పుకున్నాను. అంచులు నా మోకాళ్ల కిందికి నేనే దోపుకున్నాను.

ఎంత బాగుందో చెప్పలేను. చీకటి. మిషన్ మీద చిన్న ఎర్రదీపం. వాయిలాకు వాసన దుప్పటి నేతలోకి దిగి, మళ్లీ నా మీదికే వచ్చేది. వేడి బుగ్గలకు తగిలేది. గది లేదు, కుర్చీ లేదు. బయట ఎవరో కాలు అంచు మీద వేసి కూర్చున్నారని అనుకోవడానికి ఏ అడ్డమూ లేదు. ఒకసారి అడిగాను కూడా.

"ఏం రాసిండ్రు పేపర్ల?"

నా గొంతు దుప్పటిలో నాకే మెత్తగా వినిపించింది. సిగ్గేమీ వేయలేదు. ఎవరున్నారని సిగ్గు?

రోజూ అదే పని అయింది. మిషన్ కాసేపటికి తనంతట తానే ఆగిపోయేది, మళ్లీ నొక్కేదాన్ని. వేడి అన్నింటికంటే పైమెట్టు మీద పెట్టేదాన్ని. దుప్పటిలోంచి బయటికి రాబుద్ధి అయ్యేది కాదు. ఒక రోజు వాసన మారింది. ముందు ఆకు మాడిందనుకున్నాను. తర్వాత గొంతు గరగరలాడింది. దుప్పటి విసిరేసి బయటికి వచ్చి, కిటికీలన్నీ తెరిచి, చూస్తే మూత ఊగుతోంది.

కంపెనీకి ఫోన్ కొట్టాను. పాట వినిపించి వినిపించి చివరికి ఒక అబ్బాయి దొరికాడు. పుస్తకం చదివినట్టు మాట్లాడాడు.

"మేడమ్, ప్రోడక్ట్ మీద ఏదైనా కప్పి వాడారా?"

"ప్రోడక్ట్ మీద కప్పలే. నా మీద కప్పుకున్న. చెద్దరు."

"ప్రోడక్ట్ ఎక్కడుంది మేడమ్?"

"లోపల. నేను లోపలుండి అది బయటుంటె నాకెట్ల తగుల్తది?"

"మేడమ్, దాని గాలి సందులు మూసుకుపోతే వేడి బయటికి వెళ్లదు. ప్లాస్టిక్ భాగాలు దెబ్బతింటాయి. దానికి వారంటీ వర్తించదు."

"జలుబు చేసినోళ్లు చెద్దరు కప్పుకుంటరని మీ కంపెనీల ఒక్కలకు గూడ తెల్వదా? ఎవలకోసం చేసిండ్రు ఇది, జలుబు లేనోళ్ల కోసమా?"

"అందరూ అలా వాడరు మేడమ్."

"అందరంటె ఎవలు? పేర్లు చెప్పు."

అతను పేర్లు చెప్పలేదు. మూత విడిగా అమ్మరని చెప్పాడు. కొత్త మిషన్ కొనుక్కోమన్నాడు. నేను వినియోగదారుల చట్టం దగ్గర మొదలుపెట్టి మానవ స్వభావం దాకా పోయాను. అతను అంతా విన్నాడు. చివరికి, "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అన్నాడు.

ఆ మాట నన్ను ఎవరైనా అడిగి చాలా రోజులైంది. అతను అడిగింది ఉద్యోగం కోసమేనని నాకు తెలుసు. అయినా ఫోన్ పెట్టేయడానికి చేయి రాలేదు.

"నీకు జలుబు చేస్తె ఎవరు పెడ్తరు బాబూ ఆవిరి?"

"హాస్టల్‌లో ఉంటాను మేడమ్," అన్నాడు. తర్వాత మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయి, "మా సంస్థకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు" అన్నాడు.

వాదించేవాళ్లు లేకపోయాక బుద్ధి పనిచేసింది. అతను చెప్పింది నిజమే. గిన్నె స్టీలుది, ఆ వేడి దానికి లెక్క కాదు. పైన ఉన్నది ప్లాస్టిక్. బయటి గాలి తగులుతున్నంతసేపు అది గట్టిగా ఉంటుంది. నేను ఆ గాలినే ఆపేశాను. నన్ను నేను ఉడికించుకుందామని దాన్ని కూడా నాతోపాటు ఉడికించాను. మెత్తబడింది మళ్లీ వేడిచేస్తే దారికి వస్తుందని, మూతను వేడినీళ్లలో ముంచి స్టీలు గ్లాసు మీదికి అదిమాను. ఇంతకుముందు తూర్పుకు వంగినది ఇప్పుడు ఉత్తరానికి కూడా వంగింది. గొట్టం మొదట్లో సన్నటి చీలిక వచ్చింది. ఇక దాన్ని తీసుకుని బస్టాండు దగ్గర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ముసలాయన దుకాణానికి పోయాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఏం చీజమ్మా? హుక్కానా?"

"నీకు గూడ హుక్కానే కనబడ్డదా?"

"నారాజ్ గాకుండ్రి. ఈ మూత యాడ దొర్కదు. చీలికకు సీల్ ముద్ద పెట్టి బంద్ చేస్త, మస్తు గట్టిగుంటది."

"వేడైతె ఆ ముద్ద పొగ నా ఛాతీలకే పోతది గద?"

"అయితె చాలు చెయ్యకుండ్రి."

"బాగుచేసిన మిషన్ ఆన్ చెయ్యొద్దా?"

"చాలు చేస్తె మళ్ల కరుగుతది గదమ్మా," అన్నాడు, నాకే బుద్ధి లేనట్టు.

ఆయనకు ఓ దండం పెట్టి మిషన్‌ను సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. కాలిన ప్లాస్టిక్ పీల్చిన దగ్గు తగ్గలేదు. పైగా గల్లీ చివర పొలంలో ఎవరో వరి కొయ్యకాళ్లు తగలబెట్టారు. ఆ సాయంత్రం ఆడబిడ్డ ఫోన్ చేస్తే నేను మాట మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. "మిషన్ పెట్టుకున్నవా?" అంది. "పెట్టుకున్న," అన్నాను. మరునాడు ఎండెక్కేసరికి ఆమె నా గుమ్మంలో ఉంది, చేతిలో ఖాళీ సంచులతో. నా బట్టలకని తెచ్చింది ఆ సంచులు.

మిషన్ బల్ల మీదే ఉంది. దాచే తీరిక ఇవ్వలేదు.

"గిదేనా? గిట్ల వంగిందేంది?"

"దాని డిజైనే అంత."

ఆమె మూత తీసి వాసన చూసింది. నన్ను చూసింది. చెద్దరు ఇంకా పీట మీదే పడి ఉంది, దాన్ని చూసింది.

"చెద్దరు కప్పుకున్నవా దీనికి?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనైన గట్లనే కప్పుకుందును వదినె. చెద్దరు లేకుంట ఏం ఆవిరి?" అని, ఇక ఆగలేక నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు నాకు దగ్గయింది, దగ్గు ఆగలేదు, గోడ పట్టుకుని వంగిపోయాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

పంపు అందించింది. కాస్త కుదుటపడ్డాక, వంటింట్లోకి పోయి గంజు పెట్టింది. మిద్దె మీద మిగిలిన వాయిలాకు తెచ్చి వేసింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, గంజు తెచ్చి ముందు పెట్టి, చెద్దరు కప్పింది. అంచులు చుట్టూ అదిమింది. ఎక్కడా సందు లేదు. నీళ్ల ఆవిరి ముఖాన్ని కొట్టింది. నాకు తెలియకుండానే పెద్ద నిట్టూర్పు వచ్చింది. బయట ఆమె నేల మీద కూర్చున్న చప్పుడు, గాజుల చప్పుడు వినబడింది. మనిషి చప్పుడు.

కాసేపటికి బయటి నుంచి మాట వచ్చింది.

"రేపు పొద్దున పోదాం. నేను రాత్రికి సర్దుత."

"ఎవలు పోతరు?"

"లొల్లి చెయ్యకు వదినె. గంజు ఎత్తెటందుకు చేతకాదు. మిషన్ తెస్తివి, దాన్ని కాలవెడ్తివి. రేపు నువ్వే కాల్తవు. నాకు నిద్ర పడ్తలేదు."

"నీకు నిద్ర పట్టెటందుకు నేను ఇల్లు ఇడువాల్నా?"

"ఇల్లేమన్న అమ్ముమన్ననా? కిరాయికిద్దామన్న."

"కిరాయికిచ్చినా ఇల్లు పాయె."

"ఏం పాయె? గోడలుండయా?"

ఆవిరిలో నాకు వాదన బాగా సాగుతుంది, అది పాత అలవాటు. ఎదుటివాళ్ల ముఖం కనబడదు కనుక ఏ మాట ఎక్కడ తగులుతుందో చూడనక్కర్లేదు. కుల్చారంలో వాళ్ల అమ్మానాన్నల ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆడబిడ్డకు పుట్టిల్లు అంటే వాళ్ల అన్న ఇల్లు, అంటే నా ఇల్లు. బతుకమ్మ పండుగకు ఏటా ఇక్కడికే వచ్చేది. అన్న పోయాక కూడా వచ్చింది. నేను పెట్టిన చీర కట్టుకుని, నేను పేర్చిన బతుకమ్మను ఎత్తుకుని పోయింది. నా చేతికి ఆ మాట దొరికింది. దొరికిన మాటను వదిలిపెట్టే గుణం నాకు లేదు.

"గోడలుంటయి. కిరాయికున్నోళ్ల గోడలు. నేను తూప్రాన్ వచ్చి నీ పైన అర్రల కూసుంటె, బతుకమ్మకు నువ్వు ఏ తల్లిగారింటికి వస్తవు? కింది నుంచి మెట్లెక్కి పైకొస్తవా?"

గాజుల చప్పుడు లేదు. నేను చెవి పెట్టి విన్నాను. నీళ్లు గంజులో సన్నగా మూలుగుతున్నాయి. చెమట కళ్లల్లోకి దిగింది. "ఉన్నవా?" అన్నాను. అంచుల మీద బరువు మాత్రం అలాగే ఉంది, దుప్పటి కదలలేదు. చేత్తో అంచు ఎత్తి చూడొచ్చు. ఎత్తలేదు. చూస్తే గెలిచానో, కొట్టానో తేలిపోతుంది. ఆవిరి చల్లారే దాకా అలాగే తల వంచుకుని కూర్చున్నాను.

చివరికి ఆమే దుప్పటి తీసింది. ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాలు అందించింది.

"తల తుడ్సుకో. గాలి తాకుతది."

గంజు ఎత్తుకుని పెరట్లోకి పోయి నీళ్లు పారబోసింది. గంజు తోమింది. అంతసేపు తోమాల్సిన మసి దానికి లేదు. తర్వాత పప్పు చేసింది, ఇద్దరం తిన్నాం. ఖాళీ సంచులు మడిచి తన సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం బస్సుకు పోతానంది. ఆమె మాటల్లో కోపం లేదు. కోపం ఉంటే నాకు పని ఉండేది.

బస్టాండులో కిటికీ పక్కన కూర్చుని, "పంపు దిండు కిందనే పెట్టుకో," అంది. "సరే," అన్నాను. బస్సు కదిలింది.

ఆ తర్వాత ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రోజూ కాదు. "బాగున్నవా వదినె?" "బాగున్న." "తిన్నవా?" "తిన్న." రమ్మనే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. నాకు కావలసింది అదే కదా. కానీ ఎవరూ రమ్మనకపోతే రానని ఎవరికి చెప్పాలి? కాదనడానికైనా ఒకరు అడగాలి. ఒక రోజు ఉండబట్టలేక నేనే కదిపాను.

"మీ పైన అర్ర ఖాళీగనే ఉన్నదా?"

"లేదు వదినె. కిరాయికిచ్చినం. బ్యాంకుల చేసే పిల్ల దిగింది. మంచి పిల్ల, చప్పుడే ఉండదు."

"మంచిగైంది," అన్నాను.

"నువ్వే అంటివి గద, రానని."

"అన్న. ఇప్పుడు గూడ అంటున్న."

"అయితె బతుకమ్మకు నేనొస్త," అంది. ఇంకా ఏదో అనబోయి, పాలవాడు వచ్చాడని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు గంజు ఎత్తను, నేల మీద పెట్టను. చిన్న గిన్నెలో నాలుగు వాయిలాకులు వేసి మరిగించి, మంట ఆర్పేసి, పొయ్యిగట్టు దగ్గరే నిలబడి ముఖం వంచుతాను. చెద్దరు పనికిరాదు, తలకు తువ్వాలు ఒకటి చాలు. ఆవిరి కొంత నాకు తగులుతుంది, మిగిలింది పోయి వంటింటి గోడకు పడుతుంది. పొయ్యి వెనక గోడకు సున్నం పొక్కులు లేస్తోంది. దాని సంగతి చూడాలి.